పరిశోధకుఁడును శ్రోతృభేదమును: సికిందరాబాదు దోమ చరిత్రము

మన శాస్త్రకారులు గ్రంథారంభమున అనుబంధచతుష్టయమును జెప్పుట పూర్వాచారము. అధికారి, విషయము, సంబంధము, ప్రయోజనము అను నీ నాలుగును దెలియనిచో చదువరికి గ్రంథమునందుఁ బ్రవృత్తి కలుగదని పెద్దల మతము. విషయ మెంత గొప్పదైనను, అది యెవని కొఱకుఁ జెప్పఁబడుచున్నదో తేలనిదే చెప్పవలసిన తీరు తేలదు. నేఁటి ప్రకృతిశాస్త్ర పరిశోధకులకు సరిగా నీ చిక్కే యెదురగుచున్నది. ఒక్క పరిశోధనమునే తోడి పరిశోధకులకును, వైద్యులకును, పాలకులకును, బడిపిల్లలకును, అక్షరము లెఱుఁగని కర్షకునకును జెప్పవలసి యుండును. ఒకరికిఁ జెప్పినట్లే వేఱొకరికిఁ జెప్పిన నర్థము కాదు. అర్థ మగుటకై మార్చి చెప్పినచో సత్యము చెడునేమో యని భయము.

ఈ వ్యాసమునఁ బ్రతిపాదింపఁ దలఁచిన దొక్కటి. శ్రోతను బట్టి మాట మార్చవచ్చును, వరుస మార్చవచ్చును, దృష్టాంతము మార్చవచ్చును. చూచిన దెంత, ఊహించిన దెంత యను మేరను మాత్రము మార్చరాదు. ఇందులకు నిదర్శనముగా దూరదేశపుఁ గథ యక్కఱలేదు. 1897లో మన సికిందరాబాదునందే జరిగిన యొక పరిశోధనము తరువాతి కాలమున నెవరెవరి కెట్లెట్లు చెప్పఁబడెనో పరిశీలించినఁ జాలును.

1. జరిగిన పని

రోనాల్డ్ రాస్ 1857లో అల్మోరాలో జన్మించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసునఁ జేరిన వైద్యుఁడు. మలేరియా రోగుల రక్తమున నొక సూక్ష్మజీవి యుండునని ఫ్రెంచి వైద్యుఁడు లావెరాన్ 1880లోనే కనుఁగొని యుండెను. అది యొక మనుష్యుని నుండి వేఱొకని కెట్లు చేరునో మాత్రము తెలియదు. దోమ యిందులకు సాధనమై యుండవలెనని లండనునందలి పాట్రిక్ మాన్సన్ 1894లో నూహించెను. ఆ యేఁడే సెలవుమీఁద నింగ్లండునం దున్న రాసునకు మాన్సన్ ఆ జీవిని సూక్ష్మదర్శినిలోఁ జూపి, తన యూహను వివరించెను.

1895లో రాస్ సికిందరాబాదునకు వచ్చి పని యారంభించెను. నడుమ బెంగుళూరు మొదలగు చోట్లకుఁ బోవలసివచ్చినను దోమలను విడువలేదు. రెండేండ్లు గడచినను ఫలము చేకూఱలేదు. అతఁడు కోసి చూచినవి బూడిదవన్నె దోమలును, చాఱల దోమలును. 1897 ఆగస్టు 16వ తేదీని, ఱెక్కలమీఁద మచ్చలుగల గోధుమవన్నె దోమలను హుసేన్ ఖాన్ అను మలేరియా రోగిని గుట్టనిచ్చి, దోమ కొక యణా చొప్పున నాతనికి సొమ్మిచ్చెను. 20వ తేదీని వానిలో నొకదానిని గోసి చూడఁగాఁ బొట్టగోడయందు నల్లని రంగుపొడి గల గుండ్రని కణములు కనఁబడెను. మఱునాఁడు కోసిన వేఱొక దోమలో నా కణములే మఱింత పెద్దవై యుండెను.

ప్రత్యక్ష మింతే. తక్కిన దనుమానము. ఆ రంగుపొడి మనుష్యరక్తమునందలి మలేరియాజీవిలోని పొడివంటిదే. అట్టి కణము లంతకుముందు చూచిన వందలకొలఁది దోమలలోఁ గానరాలేదు. అవి యొక్క దినములోఁ బెరిఁగినట్లు తోఁచుచున్నవి. కాఁబట్టి యవి దోమ పొట్టలోఁ బెరుఁగుచున్న మలేరియాజీవులే కావలెను. తార్కికునకు ‘అనుమానము’ హేతువుచే సాధింపఁబడిన జ్ఞానము. వీథిలోని తెలుఁగువానికి ‘అనుమాన’మనఁగా సందేహము. ‘రాస్ అనుమానించెను’ అను నొక్క వాక్యమునే పండితసభలోఁ జెప్పిన సాధించెనని యర్థము, సంతలోఁ జెప్పిన శంకించెనని యర్థము. శ్రోతృభేదమును బాటింపని వక్త యసత్య మాడకయే శ్రోత నసత్యమునఁ బడవేయఁగలఁడు.

2. గురువునకుఁ జెప్పిన తీరు

ఈ పని యంతయు మొదట లేఖలలోఁ జెప్పఁబడినది. రాస్ మాన్సనునకు వరుసగా లేఖలు వ్రాయుచుండెను. మాన్సన్ ప్రత్యుత్తరము లిచ్చుచుండెను. ఈ యుత్తరప్రత్యుత్తరములు 1998లో గ్రంథరూపమున వెలువడినవి. వీనియందు విజయములకంటె వైఫల్యములే మిక్కిలి. విఱిగిపోయిన యూహలు, చేతివ్రాఁత బొమ్మలు, విసుగు, మరల నాశ, అన్నియు నుండును. చచ్చిన దోమ పడిన నీటిని ద్రాగుటవలన వ్యాధి వచ్చునేమో యని మాన్సన్ భావించి యుండెను, రాస్ ఆ యూహను బరీక్షించి చూచెను, అది నిలువలేదు.

తోడి పరిశోధకునకుఁ జెప్పునపుడు తప్పిన దారులను జెప్పుటయే ముఖ్యప్రయోజనము. తాను పోయిన దారిని మరల మఱియొకఁడు పోకుండుట కిదియే సాధనము. ఈ శ్రోతకు ఊహ నూహగాఁ జెప్పినఁ జాలును; మేర నాతఁడే యెఱుఁగును.

ఆ దినములలోనే రాస్ పద్యములును వ్రాసెను. వానిలో మృత్యువును జయించినంతటి యుత్సాహ మున్నది. కలకత్తాలో నతఁడు పనిచేసిన యాసుపత్రి గోడలో 1927లో నిర్మింపఁబడిన స్మారకద్వారముమీఁద నవి చెక్కఁబడినవి. కవి తన హృదయమునకుఁ జెప్పుకొను మాటకు మేర యక్కఱలేదు. కాని యా మనుష్యుఁడే యా సంవత్సరముననే వైద్యలోకమునకుఁ జెప్పిన మాట యెట్టిదో చూడుఁడు.

3. వైద్యులకుఁ జెప్పిన తీరు

1897 డిసెంబరు 18వ తేదీని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాస్ వ్యాసము వెలువడెను. దాని పేరును దెనిఁగించినచో ‘మలేరియా రక్తము ద్రాగిన రెండు దోమలలోఁ గానవచ్చిన కొన్ని విచిత్ర వర్ణకణములను గుఱించి’ యని యగును. ఈ పేరులో నున్న వినయము కేవల మర్యాద కాదు, ప్రమాణనిష్ఠ. ‘రెండు దోమలలో’ అని సంఖ్యను బేరులోనే యుంచెను. ‘విచిత్ర కణములు’ అనెనే కాని ‘మలేరియాజీవులు’ అనలేదు. ‘కానవచ్చిన’ యనెనే కాని ‘నిరూపింపఁబడిన’ యనలేదు. పద్యములోఁ దెలియవచ్చిన నిశ్చయము వ్యాసనామమున లేదు. రాస్ మనస్సులో నిశ్చయము లేక కాదు. ఆ నిశ్చయము చదువరికి బదులిచ్చుట తగదని యెఱిఁగినవాఁడగుటచేత. వైద్యుఁడైన చదువరికి వలసినది పరిశోధకుని నమ్మకము కాదు. ఆ నమ్మకమునకుఁ గారణమైన సామగ్రి. ఆ సామగ్రిని తూఁచుకొనుట చదువరి పని.

4. జంతుశాస్త్రజ్ఞులకుఁ జెప్పవలసిన తీరు

ఇంత జాగరూకతతో వ్రాసిన వ్యాసమున నొక లోప ముండెను. ఆ దోమ యేజాతిదో రాస్ శాస్త్రనామముతోఁ జెప్పలేదు. సికిందరాబాదులో నతనికి దోమల జాతుల నేర్పఱుచు గ్రంథములు దొరకలేదు. ఱెక్కల మచ్చలను, పడవవంటి గ్రుడ్ల యాకారమును వర్ణించి యూరకుండెను. వైద్యులకు నది చాలును. జంతుశాస్త్రజ్ఞులకుఁ జాలదు.

1898లో రోమునందు గ్రాస్సీ యను జంతుశాస్త్రజ్ఞుఁడు బిగ్నామి, బస్టియానెల్లి యను వైద్యులతోఁ గూడి, మనుష్యమలేరియాజీవి అనాఫిలిస్ జాతి దోమయందుఁ బూర్తిగాఁ బెరుఁగుటను నిరూపించెను. రాస్ వర్ణించిన దోమయు నా జాతిదే. పేరు పెట్టి జాతిని నిర్ణయించిన ఘనత తమదని గ్రాస్సీ పక్షము. గుర్తులు చెప్పి దారిచూపినది తానేయని రాస్ పక్షము. 1902లో నోబెల్ బహుమానము రాసునకే వచ్చినను వివాదము శమింపలేదు. ఉభయులును జీవితాంతము వైరము నడపిరి. ఒక్క జాతినామము వ్యాసమునం దున్నచో నీ కలహము చాలవఱకుఁ దగ్గి యుండెడిది. శాస్త్రసంజ్ఞలు పాండిత్యాడంబరములని యీసడించువా రీ కథను జ్ఞప్తియం దుంచుకొనవలెను. సంజ్ఞ యనఁగా రెండు దేశములవా రొక్క వస్తువునే చూచుచున్నామని తెలిసికొనుటకుఁ జేసికొన్న యొడంబడిక.

5. లోకమునకుఁ జెప్పిన తీరు

1898లో రాస్ కలకత్తాకు మాఱెను. అచ్చట మనుష్యులకు బదులు పిచ్చుకలు మొదలగు పక్షులలో మలేరియాను బరిశోధించి, ఆ జీవి దోమ పొట్టనుండి లాలాజలగ్రంథులకుఁ జేరుటను, అట్టి దోమ కుట్టినపుడు ఆరోగ్యముగా నున్న పక్షికి వ్యాధి సోఁకుటను గనుఁగొనెను. ఆ వార్తను జూలైమాసాంతమున ఎడింబరోలోఁ గూడిన బ్రిటిష్ వైద్యసంఘ సభలో మాన్సన్ చదివి వినిపించెను. నిరూపింపఁబడినది పక్షులయందు, మనుష్యులయందుఁ గూడ నట్లే కావలెననుట యప్పటి కింకను ననుమానమే.

పండితులు సమ్మతించినను సామాన్యజనుల నమ్మకము వేఱుగా నుండెను. ‘మలేరియా’ యను పేరే యిటలీభాషలోఁ ‘జెడుగాలి’ యను నర్థముగలది. బురదనేలలనుండి లేచు గాలియే జ్వరకారణమని తరతరముల విశ్వాసము. రోగాణువు బొమ్మను జూపినంతమాత్రమున నా విశ్వాసము పోవునా? మాన్సన్ 1900లో వేఱొక యుపాయమును బన్నెను. రోము చెంతఁ గల జ్వరభూమిలో దోమలు చొరరాని వలలు గట్టిన కుటీరమున సాంబన్, లో యను వైద్యులును మఱి యిద్దఱును జ్వరకాల మంతయు నివసించిరి. ఆ గాలినే పీల్చిరి, ఆ నేలమీఁదనే పగలెల్ల తిరిగిరి. ప్రొద్దుగ్రుంకకముందే కుటీరముఁ జొచ్చి తెల్లవాఱువఱకు వెలువడకుండిరి. ఒక్కరికిని జ్వరము రాలేదు. ఆ కాలముననే యిటలీలో మలేరియారోగులను గుట్టిన దోమలను లండనునకుఁ దెప్పించి మాన్సన్ తన కుమారునే కుట్టనిచ్చెను. ఆ బురదనేలల గాలి సోఁకని లండనులో నాతనికి మలేరియా వచ్చెను.

ఈ రెండు ప్రయోగములు పండితుల ప్రశ్నకంటె సామాన్యుని ప్రశ్నకే యుత్తరములు. గాలి యున్నది, దోమ లేదు, జ్వరము రాలేదు. దోమ యున్నది, గాలి లేదు, జ్వరము వచ్చినది. దీనిని గ్రహించుటకు సూక్ష్మదర్శిని యక్కఱలేదు. అన్వయవ్యతిరేకములు తెలిసిన పల్లెటూరి పెద్దకుఁ గూడ నిది చాలును. సామాన్యునకుఁ జెప్పుటయనఁగా విషయమును బలుచఁజేయుట కాదు. అతని మనస్సులో ముందే యున్న కారణమును గుర్తించి, దాని కెదురుగా సాక్ష్యమును నిలుపుట.

6. పాలకులకుఁ జెప్పిన తీరు

పాలకునకు వలసినది కణములు గాదు, కర్తవ్యము. 1902లో రాస్ దోమలను నిర్మూలించు దండుల నెట్లు కూర్చవలెనో తెలుపు చిన్న పుస్తకమును బ్రకటించెను. ఎవరిని నియమింపవలెను, నిలువనీటి నెట్లు వెదకవలెను, దాని నెట్లు తీసివేయవలెను, ఏ నీటిమీఁద నూనె చల్లవలెను అనునవియే యందు ముఖ్యములు. ఈ తెఱఁగు మిక్కిలి మెచ్చఁదగినది.

కాని యిక్కడనే ప్రమాదమును గలదు. లాహోరు చెంత మియాన్ మీర్ దండుబస్తీలో 1901 మొదలుకొని కొన్ని యేండ్లు దోమలను దగ్గింప యత్నించిరి. అనుకొన్న ఫలము రాలేదు. ఉపాయమే చాలదని కొందఱు పరిశోధకులును, వెచ్చించిన ధనమును జేసిన పనియుఁ జాలవని రాసును వాదించిరి. ఎవరి పక్షమున న్యాయ మెంత యున్నను, పాలకుల మనస్సులో దోమలపని వ్యర్థమను భావము నాటుకొనుటకు నది కారణమయ్యెను. ఎట్టి నేలలో, ఎంత వైశాల్యమున, ఎంతకాలము చేసినచో ఫలించునో యను నియమములు ‘దోమను జంపుఁడు, జ్వరము పోవును’ అను వాక్యములో నిమిడి యుండవు. పాలకునకు నియమములను విడిచి ఫలమును మాత్రము చెప్పిన పరిశోధకుఁడు, ఫలము రానినాఁడు తన శాస్త్రమునకే యపకీర్తిఁ దెచ్చును.

7. గణితజ్ఞులకుఁ జెప్పిన తీరు

దోమ లన్నియుఁ జావవలెనా యను ప్రశ్నకు సమాధానముగా రాస్ 1908లో మారిషస్ ద్వీపమును గుఱించిన నివేదికలోను, 1910లోఁ బ్రకటించిన మలేరియా నివారణ గ్రంథములోను గణితమును బ్రయోగించెను. దాని సారమును గణితము రానివారికి నిట్లు చెప్పవచ్చును. ఒక యూర నూఱుగురు రోగు లున్నారనుకొందము. ఒక్కొక్క రోగినుండి సగటున నొక్కరికంటెఁ దక్కువమందికి, అనఁగా నూఱుగురినుండి 80 మందికి వ్యాధి సోఁకినచో, తరువాతి వంతులలో 64, పిదప 51, ఇట్లు తగ్గిపోవును. నూఱుగురినుండి 120 మందికి సోఁకినచో 144, 173, ఇట్లు పెరుఁగును. దోమల సంఖ్య తగ్గినకొలఁది యీ సగటు తగ్గును. కాఁబట్టి దోమ లన్నియుఁ జావ నక్కఱలేదు. సగటు ఒకటికంటెఁ దక్కువయగునంతవఱకుఁ దగ్గినఁ జాలును. ఈ యంకెలు దృష్టాంతమునకై కల్పించినవి. న్యాయము మాత్రము రాసుదే.

రాస్ గణితమును వైద్యులు చాలకాలము పట్టించుకొనలేదు. వైద్యునకు సమీకరణములు పరభాష. గణితజ్ఞునకు దోమ పరదేశము. 1957లో జార్జి మాక్డొనాల్డ్ తన గ్రంథమున నా భావమును వైద్యులకు గ్రాహ్యమగునట్లు విస్తరించి చెప్పినపిదపనే దానికిఁ దగిన యాదరము కలిగెను. నేఁడు అంటువ్యాధుల వ్యాప్తిని లెక్కించువా రందఱు నీ మార్గముననే నడచుచున్నారు. రెండు విద్యల నడుమ నిలిచి చెప్పువాఁడు లేనిచో సత్యము దశాబ్దముల తరబడి మూలఁబడి యుండుట కిది సాక్ష్యము.

8. మనవారికిఁ జెప్పవలసిన తీరు

తెలుఁగున శాస్త్రవిషయములను జెప్పు యత్నము క్రొత్తది గాదు. 1906లో హైదరాబాదున స్థాపింపఁబడిన విజ్ఞానచంద్రికామండలి యిందులకై పాటుపడినది. పరిభాష నాఁటి చిక్కే, నేఁటికిని దీఱలేదు.

మలేరియాకు ‘విషమజ్వరము’ అను పేరు పండితులకుఁ దోఁచును. తృతీయక చతుర్థక జ్వరముల లక్షణములు మలేరియా భేదములకుఁ జక్కఁగా సరిపోవుట నిజము. దినము విడిచి దినము వచ్చు జ్వరమును దృతీయకమనుటలో దోషము లేదు. అది చూచినదానికిఁ బేరు. విషమజ్వరమే మలేరియా యనినచోఁ గారణమును గూడ నొకటిగాఁ జెప్పినట్లగును. అది చూచినదానికంటె నెక్కువ. ‘మన్యపు జ్వర’మనినచో మైదానమున రాదను భ్రమ కలుగును. ప్రాఁతపేరును వాడుట మంచిదే కాని, యది లక్షణమునకుఁ బేరో, కారణమునకుఁ బేరో, స్థలమునకుఁ బేరో చెప్పి వాడవలెను.

నేఁడు మన గోడలమీఁదను గరపత్రములలోను ‘మురుగును దొలఁగింపుఁడు, మలేరియాను దఱుముఁడు’ అను తీరు మాటలు గానవచ్చును. ఇది సగము సత్యము. మురుగుకాలువలలోఁ బెరుఁగునది ముఖ్యముగాఁ గ్యూలెక్స్ దోమ. అది బోదకాలును దెచ్చును. ఇంటిలో నిలువచేసిన మంచినీటఁ బెరిఁగి పగటివేళఁ గుట్టు ఏడిస్ దోమ డెంగీని దెచ్చును. మలేరియాను దెచ్చు అనాఫిలిస్ దోమలు వరిచేలలో, కాలువలలో, కొండవాఁగులలో, నగరములందు బావులలోను నీటితొట్లలోను బెరిఁగి రాత్రివేళఁ గుట్టును. మురుగును దీసివేసి, మూఁతలేని నీటితొట్టిని మఱచిన గృహిణి చెప్పినమాట విన్నదే. ఆ మాట యామెను మోసగించినది. ‘దోమ’ యని యూరకొనక ‘ఏ దోమ’ యని చెప్పుట కొక్క వాక్యము చాలును.

బడిపిల్లలకు దీని నేర్పుట సులభము. గోడమీఁద వాలినపుడు అనాఫిలిస్ దోమ వెనుకభాగము పైకెత్తి యేటవాలుగా నిలుచును. తక్కిన దోమలు గోడకు సమముగా వాలును. నీటిలో అనాఫిలిస్ పిల్లపురువు నీటిమట్టమునకు సమముగా నుండును. కడమవి తలక్రిందుగా వ్రేలాడును. ఱెక్కలమీఁద మచ్చ లుండును. గ్రాస్సీకిఁ జాలని ‘మచ్చఱెక్కల దోమ’ యను రాస్ వర్ణనయే బాలునకు మిక్కిలి యుపయోగించుచున్నది. ఒక్క మాటయే యొక శ్రోతయెడ లోపము, వేఱొక శ్రోతయెడ గుణము.

ఇఁకఁ జెప్పవలసిన శ్రోత యొకఁ డున్నాఁడు. ఇందఱిలో మొదటివాఁడు రక్తమిచ్చిన హుసేన్ ఖాన్. అతని పేరును, పుచ్చుకొన్న యణాలును జరిత్రయందు నిలిచినవి. పరిశోధనమును రోగికి వివరించి సమ్మతి పుచ్చుకొనవలెనను నియమ మా కాలమున లేదు. 1964లో హెల్సింకీలో వైద్యులు చేసికొన్న ప్రకటనము మొదలుకొని యది ధర్మముగా నంగీకరింపఁబడినది. 2017లో భారత వైద్యపరిశోధన మండలి ప్రకటించిన నియమములును రోగికిఁ దెలిసిన భాషలో వివరింపవలెననియే చెప్పుచున్నవి. కాఁబట్టి యొక తెలుఁగు రోగికిచ్చు సమ్మతిపత్రము కూడ శాస్త్రరచనయే. ఆంగ్లమునుండి మాటకు మాట దింపిన పత్రములో రోగి వ్రేలిముద్ర మాత్రమే యుండును, సమ్మతి యుండదు.

ఇచ్చట భాషాపండితులు చేయఁదగిన పని యొకటి గలదు. పరిశోధకుఁ డొకఁడు తన పనిని దెలుఁగున వ్రాసి తెచ్చినపుడు, వ్యాకరణమును దిద్దుటకు ముందు మూఁడు ప్రశ్నల నడుగవలెను: ఇది యెవరి కొఱకు? ఇందు మీరు కన్నులఁ జూచిన దెంత? చూడక సాధించిన దెంత? ఈ మూఁడింటికి నుత్తరములు పత్రమునఁ గానవచ్చినచో భాష సరళముగా నున్నను బ్రౌఢముగా నున్నను బాధ లేదు. కానరానిచో నెంతటి సొగసైన తెలుఁగును దానిని రక్షింపఁజాలదు. బేగంపేటలో రాస్ పనిచేసిన కట్టడము నేఁటికిని నిలిచి యున్నది. దానిని జూడఁబోవు విద్యార్థులకు ‘రెండు దోమలు’ అను నా వ్యాసనామమును గూడ నుపాధ్యాయులు చెప్పుదురు గాక.